కువైట్ టైములో నడిచిన కెమెరా

ఫోటో అబద్ధం చెప్పదని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ పోట్లాటకు దిగుతాను. మా అక్క కూతురు ఈ మధ్య ఫోనులో ఒక ఫోటో తెరిచి, అది ఏ ఊళ్ళో తీసిందో, ఎన్ని గంటలకు తీసిందో చూపించి, "చూడు చిన్నమ్మా, అన్నీ దానికే తెలుసు" అంది. దానికేం తెలుసు? మనం చెప్పింది దానికి తెలుసు. గడియారం తప్పుగా పెట్టిన మనిషి చేతిలో ఉంటే అది తప్పే రాసుకుంటుంది. రాసుకున్నదాన్ని ఎన్నేళ్ళయినా అదే ధైర్యంతో చెబుతుంది. ఈ సంగతి నాకు బీయస్సీలో ఎవరూ చెప్పలేదు. ప్రొద్దుటూరులో ఒక కలర్ ల్యాబులో కంప్యూటరు ముందు కూర్చుని, చివరకు ఒక ఖూనీ కేసులో పోలీసుల ముందు నిలబడి తెలుసుకున్నాను. ఫోను చేతిలో పెట్టుకుని పుట్టిన పిల్లలకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పనికిరాకపోతే మీ ఖర్మ.

ఫిల్ము రీళ్ళు పోయి కార్డులు వస్తున్న రోజులవి. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళు, బట్టల అంగళ్ళు ఉన్నంతకాలం పెండ్లిళ్ళకు కొదవ లేదు. జమ్మలమడుగు వాళ్ళూ పులివెందుల వాళ్ళూ పెండ్లి బట్టలకని వచ్చి, మండపం కూడా ఇక్కడే మాట్లాడుకుని పోయేవాళ్ళు. ల్యాబులో నా ఉద్యోగం పేరు డిజైనరు. పెండ్లికూతురిని తామరపువ్వులో కూర్చోబెట్టడం, పెండ్లికొడుకును చందమామ మీద నిలబెట్టడం, వాళ్ళ మేనమామ నెత్తిన పడిన ఫ్యాను రెక్క నీడను తుడిచేయడం నా పని. దీనికి డిగ్రీ ఎందుకని మా అమ్మ అడిగేది. నా దగ్గర జవాబు ఉండేది కాదు, అయినా చెప్పేదాన్ని.

ల్యాబులో ముఖ్యులం ముగ్గురం. మా ఓనరు మగపెండ్లివారి వైపు ఫోటోలు తీసేవాడు. మంచివాడే. బల్లి పలికినా, కరెంటు పోయినా, ఖాకీ గుడ్డ కనబడినా భయపడేవాడు. ఆడపెండ్లివారి వైపు తీసేది భాయ్. సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. ఏడుస్తున్న పెండ్లికూతురు ఒక్క క్షణం నవ్వితే ఆ క్షణం భాయ్ కార్డులో ఉండేది. అతని భార్య కువైట్‌లో ఉండేది. ఆస్పత్రిలో నర్సు అని అందరికీ చెప్పేవాడు. అతని కెమెరా ఆమె పంపిందే. అలాంటి కెమెరా అప్పుడు మా ఊళ్ళో ఇంకొకటి లేదు.

ఫోటో ఫైలంటే బొమ్మ ఒక్కటే కాదు. బొమ్మలో కనబడకుండా కొన్ని వివరాలు కూడా ఆ ఫైలులోనే ఉంటాయి. ఏ కెమెరాతో తీశారు, ఫ్లాషు వెలిగిందా లేదా, ఏ తేదీ, ఎన్ని గంటలు, అన్నీ. ఆల్బం చేసేటప్పుడు నాకు ఈ టైమే ఆధారం. ఇద్దరు తీసిన వందల ఫోటోలను కలిపి, టైము ప్రకారం వరసగా నిలబెట్టమంటే కంప్యూటరు నిలబెడుతుంది.

మొదటిసారి అట్లా నిలబెడితే తాళి కట్టిన తర్వాత పెండ్లికొడుకుకు మంగళస్నానం వచ్చింది. తలంబ్రాలు అయిపోయాక పెండ్లికొడుకు మండపానికి వచ్చాడు. ఏమిటా అని చూస్తే భాయ్ కెమెరా సరిగ్గా రెండున్నర గంటలు వెనక ఉంది. కువైట్ టైము. భార్య అక్కడ కొని, అక్కడి టైము పెట్టి పంపింది, ఈయన మార్చలేదు.

"మార్చు భాయ్, పొద్దున్నే నాకు ఇదేం కర్మ" అన్నాను.

"ఉండనీలే అక్కా. ఆమెకు ఇప్పుడు ఎంతయ్యిందో సూసుకుంటా ఉంటా" అన్నాడు.

ఎంత పోట్లాడినా మార్చలేదు. ఇంక నేనే ప్రతి పెండ్లికీ భాయ్ ఫైళ్ళన్నిటినీ ఒకేసారి రెండున్నర గంటలు ముందుకు జరిపేదాన్ని. దానికొక చిన్న ప్రోగ్రాము ఉండేది. మా ల్యాబులో దాన్ని 'టైము సర్దడం' అనేవాళ్ళం. ఓనరు కెమెరాది మన టైమే కాబట్టి దాన్ని ముట్టుకునే పని లేదు. సర్దినాక భాయ్ కార్డు తుడిచేసి వేరే పెండ్లికి ఇచ్చేసేవాళ్ళం. కార్డులు ఎన్నో ఉండే కాలం కాదు.

ఇంక కేసు సంగతి. ఒక పెండ్లి ప్రొద్దుటూరు మండపంలో జరిగింది. పెండ్లికొడుకు పులివెందులలో బోరు మోటార్లు బిగించేవాడు. ముహూర్తం తెల్లవారుజామున అయిదు దాటినాక. అదే రోజు పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో జమ్మలమడుగు వైపు, మండపానికి అరగంట దూరంలో, ఒక జీపును అటకాయించి బాంబులు వేశారు. ఒకాయన చనిపోయాడు. వెనకనే వస్తున్న బస్సు ఆగిపోయి, అందులో వాళ్ళందరూ చూశారు కాబట్టి టైము విషయంలో ఎవరికీ తగాదా లేదు.

తగాదా పేర్ల దగ్గర. ఆ రోజుల్లో కేసులో పేర్లు రాయించడం ఒక విద్య. బాంబులు వేసింది నలుగురయితే, రాయించేది ఎదుటి వర్గంలో కాలూ చెయ్యీ ఆడే ప్రతి మగవాడినీ. వాళ్ళ చేలకు నీళ్ళు కట్టేవాడు మిగలకూడదు, జామీనుకు తిరిగేవాడు మిగలకూడదు. రెండు వర్గాలూ ఇదే చేసేవి. ఎవరి పార్టీ అధికారంలో ఉంటే వాళ్ళ చిట్టా పొడుగ్గా ఉండేది, అంతే తేడా. ఆ పొడుగు చిట్టాలో గొర్రెలు మేపుకునే ఒక ఇంటి కొడుకు పేరు కూడా పడింది. చేసిన తప్పల్లా ఆ ఊళ్ళో పుట్టడం.

ఆ పిల్లవాడి తల్లి ఒక ఉదయం ల్యాబుకు వచ్చింది. బెంచీ ఉన్నా కింద కూర్చుంది.

"ఏమ్మా, పెండ్లి ఫోటోలు ఈడనేనా కడిగేది?"

"కడగడం పోయిందమ్మా. ఇప్పుడంతా కంప్యూటరే. నీకేం ఫోటో కావాల?"

"మా వాడు కావాల."

పెండ్లికొడుకూ తన కొడుకూ పక్కపక్క ఊళ్ళవాళ్ళని, పులివెందులలో ఒకేచోట మోటార్లు బిగిస్తారని, ఆ పొద్దంతా కొడుకు పెండ్లిలోనే ఉన్నాడని, ఇప్పుడు కడప జైల్లో ఉన్నాడని చెప్పింది. ఏడవలేదు. మంద తప్పిన గొర్రె గురించి చెబుతున్నట్టు గుర్తులు చెప్పింది, ఎడమ కనుబొమ్మ మీద గాటు, నీలం చొక్కా.

ఫోటోలు ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయాం. టిఫిన్ల దగ్గర ఆమె వేలు వచ్చి తెర మీద పడింది.

"ఇదో, వీడే. ఆ సొక్కా నేను ఉతికిచ్చిండేదే."

చేతిలో బకెట్టు, వరసలో కూర్చున్న వాళ్ళకు బొరుగుల ఉగ్గాని వడ్డిస్తున్నాడు. భాయ్ తీసిన ఫోటో. మండపంలో టిఫిన్లు ఆరు గంటలకు మొదలై పది దాకా నడిచాయి కాబట్టి బొమ్మను చూస్తే ఏ గంటో తెలీదు. ఫైలు తెరిచి టైము చూశాను. తొమ్మిదీ నలభై. జమ్మలమడుగు వైపు బాంబులు పడిన పది నిమిషాలకు ఈ పిల్లవాడు ప్రొద్దుటూరులో ఉగ్గాని వడ్డిస్తున్నాడు.  నా తామరపువ్వుల ఉద్యోగం మొదటిసారి ఒక పనికి వచ్చిందనుకున్నాను. ఫోటో ప్రింటు తీసి, టైము ఒక చీటీ మీద రాసి, వకీలుకు చూపించమని పంపాను.

ఆ వకీలు ఆమె కొడుకొక్కడి వకీలు కాదు. కేసులో ఉన్నవాళ్ళందరికీ కలిపి వాళ్ళ ఊరి నాయకుడు పెట్టిన వకీలు. చిట్టాలో మొదటి పేరు ఆ నాయకుడిదే. అందుకని రెండు రోజులకు ల్యాబుకు నాయకుడి బామ్మర్ది వచ్చాడు. వెంట ఆ తల్లిని కూడా తీసుకొచ్చాడు. తెల్ల చొక్కా, మర్యాద. టీ తెప్పిస్తే తాగాడు.

"ఫోటో శానా బాగుండాదంట మేడం. మా వకీలు బో సంతోషపడినాడు. ఆ టైముల గొడవ మాత్రం మనకొద్దు."

"టైము లేకుంటే ఆ ఫోటో ఎందుకు? ఆరు గంటలకు వడ్డించి పోయినాడంటారు."

"ఒకనికి టైము చెప్తే అందరికీ టైము అడుగుతారు మేడం. మా బావా ఫోటోల్లో ఉండాడు గదా. అందరం పెండ్లిలోనే ఉండినామని చెప్తాం, అయిపోతాది."

నాకు అర్థమైంది. ఆల్బం నేనే చేశాను. నాయకుడూ ఆయన మనుషులూ ఉన్న ఫోటోలు ఓనరు తీసినవి. అన్నీ పదకొండు దాటినాక తీసినవి. అందరూ అప్పుడే తలస్నానం చేసి వచ్చినట్టు ఉన్నారు. ఫోటోలకు టైము లేదంటే నాయకుడికి అది పొద్దుటి నుంచి పెండ్లిలో ఉన్నట్టు సాక్ష్యం. టైము ఉందంటే పొద్దున లేనట్టు సాక్ష్యం. పిల్లవాడికి సరిగ్గా తిరగమరగ.

"అందరితో పాటే లోపలికి పోయినాడు పెద్దమ్మా, అందరితో పాటే బయటికొస్తాడు. మా బావ ఇడిసిపెడతాడా?" అన్నాడు ఆ తల్లి వైపు తిరిగి.

"లోపలికి పొయ్యేటప్పుడు వాణ్ణి అడిగినారా నాయనా?"

"ఒక్కడే బయటికొస్తే ఊర్లో కూడా ఒక్కడే పడుండాల. ఆలోచన చేసుకో."

ఆమె కొంగు చివర ముడి విప్పి మళ్ళీ వేసుకుంది.

"గొర్రెలున్నోళ్ళకు ఊరేంది నాయనా. మేత యాడుంటే ఆడే" అంది.

అతను టీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. "మీకు గూడా ఈ పక్క పెండ్లిళ్ళ బేరాలు కావాల గదా మేడం."

"మీ ఊర్లో పెండ్లిళ్ళ కంటే దినాలే ఎక్కువ గదప్పా. మాకు పెద్ద నష్టం లేదులే" అన్నాను.

అతను పోయినాక మా ఓనరు తలుపు దగ్గరికి వేశాడు. "అంగడి నాది, నోరు నీది. మూతపడేది మటుకు అంగడి" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ తల్లి అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "పోలీసోళ్ళకాడికి నాతో పాటు వస్తావా?" అని అడిగింది. పోయాను.

సి.ఐ. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మా మాటలు సగం అర్థం కావని ఆయన మొహంలోనే తెలిసేది. నేను తెచ్చిన సీడీని కంప్యూటరు తెలిసిన ఒక కానిస్టేబులుకు ఇచ్చాడు. ఆ కానిస్టేబులు కొంచెం సేపు అటూ ఇటూ నొక్కి, "సార్, ఇది కెమెరాలోనుంచి వచ్చినట్టు లేదు. తీసినాక దేంతోనో మార్చినారు. ఆ ప్రోగ్రాము పేరు కూడా ఫైల్లో ఉంది" అన్నాడు.

"ఏవమ్మా, మార్చారా?"

"మార్చినాను సార్. టైము మార్చినాను."

"ఎంత?"

"రెండున్నర గంటలు ముందుకు."

సి.ఐ. వేళ్ళ మీద వెనక్కి లెక్క పెట్టుకున్నాడు. "అంటే అసలు టైము ఏడూ పది. ఏడింటికి టిఫిను వడ్డించి, తొమ్మిదిన్నరకి వెళ్ళి బాంబేశాడు. బాగానే సరిపోయిందండీ."

"అసలు టైమే తప్పు సార్. మార్చిన టైమే ఒప్పు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నా సర్వీసులో దొంగ కాగితాలు చాలా చూశాను. ఇంత ధైర్యంగా మాట్లాడినవాళ్ళని చూళ్ళేదు."

కువైట్ సంగతి చెప్పాను. మా టైము సర్దడం గురించి చెప్పాను. గొంతు పెంచి చెప్పాను, అది నా జబ్బు. ఆయన కోప్పడలేదు. "సరేనమ్మా. రేపు ఆ కెమెరా పట్టుకురండి. దాని గడియారం ఇంకా కువైట్ టైములోనే నడుస్తూ ఉంటే మీ మాట వింటాను" అన్నాడు. బయటికి రాగానే ఆ తల్లి అడిగింది, "ఏమంటాండాడమ్మా?" అని. "రేపటికి అయిపోతాది" అన్నాను.

మరుసటి పొద్దున ల్యాబుకు పోయేసరికి ఓనరు మొహం వెలిగిపోతోంది. భాయ్ కెమెరా శుభ్రంగా తుడిచి టేబులు మీద పెట్టి ఉంది.

"ఏం భయం లేదు. పోలీసోళ్ళ ముందర తప్పు టైముండే కెమెరా పెడితే బాగుండదని, నేనే మన టైముకు సరిచేసి పెట్టినా" అన్నాడు.

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. మర్యాదస్తులు చదువుతారు. చాలాసేపు అన్నాను. ఆయన పాపం మంచికే చేశాడు. నేనూ ప్రతి పెండ్లికీ మంచికే సర్దాను. ఇద్దరం కలిసి ఒక్కొక్క తప్పే దిద్దుకుంటూ పోయి, ఆ పిల్లవాడికి ఉన్న ఒక్క ఆధారమూ లేకుండా చేశాం. ఇప్పుడు మాకు ఒప్పు టైమున్న ఫైలుతో పనిలేదు. ఎవరి చేయీ పడని, తప్పు టైమున్న ఫైలు కావాలి. భాయ్ పాత ఫోటోలన్నీ నా చేతి మీదుగా పోయినవే. అన్నీ సర్దేసినవే.

భాయ్ మూల స్టూలు మీద కూర్చుని అంతా వింటున్నాడు. చివరికి, "మెయిలు తెరిస్తే అందులో ఉండేదంతా కనబడతాదా అక్కా?" అని అడిగాడు.

"ఏం మెయిలు?"

పెండ్లి అయినప్పుడల్లా, కార్డు నాకు ఇచ్చే ముందు, నెట్ సెంటరుకు పోయి రెండు మూడు ఫోటోలు భార్యకు పంపేవాడట. పెండ్లిళ్ళంటే ఆమెకు ఇష్టమట, చూడాలని అడిగేదట. ఆ పెండ్లివి కూడా పంపాడు, ఆ మధ్యాహ్నమే. నేను ముట్టుకోకముందు. పోలీసులు ఆ పేర్లు రాసుకోకముందు.

"ఈ మాట నిన్న చెప్పడానికేమి భాయ్?"

భాయ్ కెమెరా భుజానికి తగిలించుకుని లేచాడు.

అప్పట్లో పోలీసు స్టేషన్లో నెట్టు లేదు. ఎదురుగా ఉన్న నెట్ సెంటరుకే అందరం పోయాం. సి.ఐ., కానిస్టేబులు, ఆ తల్లి, మేం ముగ్గురం. లోపల చాటింగు చేసుకుంటున్న కాలేజీ పిల్లలు ఖాకీ గుడ్డలు చూసి, కట్టిన డబ్బులు కూడా అడగకుండా పారిపోయారు. మా వెనకనే నాయకుడి బామ్మర్ది కూడా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఎవరు చెప్పారో తెలీదు. మా ఊళ్ళో ఎవరూ చెప్పక్కర్లేదు.

భాయ్ రెండు వేళ్ళతో ఒక్కొక్క అక్షరమే వెతికి మెయిలు తెరిచాడు. ఆ రోజు పంపింది వెతికాడు. కింద ఆమె రాసిన జవాబు కూడా ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. కానిస్టేబులు దాన్ని పైకి చదవడం మొదలుపెట్టాడు. "మేడం ఈ రోజు కూడా గిన్నెలు..."

"మీరు చూడాల్సింది ఫోటోలు. ఉత్తరం కాదు" అన్నాను. సి.ఐ. అతని భుజం మీద చెయ్యి వేశాడు. అతను కిందికి జరిపాడు.

మెయిల్లో రెండు ఫోటోలున్నాయి. ఒకటి ఉగ్గాని వరస, బకెట్టుతో ఆ పిల్లవాడు. ఫైలు వివరాల్లో టైము ఏడూ పది. మెయిలు పంపింది అదే రోజు మధ్యాహ్నం. ఏ ప్రోగ్రాముతోనూ మార్చిన గుర్తు లేదు. రెండోది తాళి కట్టే ఫోటో. దాని టైము రాత్రి రెండూ నలభై అయిదు.

"చూడండి సార్. రాత్రి రెండుముక్కాలుకు తాళి కట్టినట్టుంది. ఇది ఒప్పు టైమెట్లవుతుంది?"

"ఏవమ్మా, మనవాళ్ళు రాత్రి రెండింటికి పెళ్ళిళ్ళు చేసుకోరా?"

చేసుకుంటారు. అందులో ఆయన తప్పేం లేదు. పెండ్లి పత్రిక తీసి ఆయన చేతిలో పెట్టాను. అయిదూ పదిహేనుకు ముహూర్తం. ఓనరు తన కెమెరా కార్డు ఇచ్చాడు, ఆల్బం డబ్బులు అందేదాకా దాన్ని తుడవాలన్నా ఆయనకు భయమే. అదే తాళి, అదే క్షణం, అవతలి పక్క నుంచి తీసింది. ఓనరు ఫోటోలో భాయ్ కెమెరా ఫ్లాషు తెల్లగా వెలుగుతూ పడింది. దాని టైము అయిదూ పదిహేను. నేను దాన్నెప్పుడూ ముట్టుకోలేదు, ముట్టుకునే అవసరం రాలేదు. రెంటికీ తేడా రెండున్నర గంటలు. ఏడూ పదికి రెండున్నర గంటలు కలిపితే ఎంతో సి.ఐ.కి నేను చెప్పక్కర్లేదు.

ఆయన భాయ్ వైపు తిరిగాడు. "ఇండియాలో ఉంటూ కువైట్ టైము ఎందుకు పెట్టుకున్నావయ్యా?"

"మా ఆమె ఆడుంది సార్. ఆమెకు పని అయిపొయ్యే టైము తెలుస్తాదని."

"ఏం పని?"

భాయ్ తెర వైపు చూశాడు. ఓనరు వైపు చూశాడు. "ఇండ్లల్లో పని సార్" అన్నాడు.

"ఆస్పత్రిలో..." అని మొదలుపెట్టాడు మా ఓనరు. నేను ఆయన కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను. మా ఊళ్ళో సగం ఇండ్ల ఆడవాళ్ళు కువైట్‌లో అదే పని చేస్తున్నారు, సగం ఇండ్ల మగవాళ్ళు నర్సని చెబుతున్నారు. ఆ మాట ఎవరికి తెలియనిది గనక. అయినా నోటితో చెప్పడం వేరు. అతను పొద్దున మూల స్టూలు మీద కూర్చుని తూచుకున్నది దీన్నే అని నాకు అప్పుడు తెలిసింది.

సి.ఐ. ఓనరు కార్డును ముందుకు జరపమన్నాడు. కానిస్టేబులు జరిపాడు. తలంబ్రాలు, అరుంధతి, టిఫిన్లు, చదివింపులు. పదకొండూ ఇరవై దగ్గర నాయకుడు, ఆయన మనుషులు అక్షింతలు వేస్తూ ఉన్నారు. అంతకుముందు ఫోటోల్లో వాళ్ళు ఒక్కదాంట్లోనూ లేరు. సి.ఐ. మళ్ళీ వెనక్కి జరిపించి చూశాడు, మళ్ళీ ముందుకు జరిపించాడు. నేను వాకిలి వైపు చూశాను. బామ్మర్ది లేడు.

చార్జిషీటులో ఆ పిల్లవాడి పేరు తీసేశారు. కడప నుంచి వాడు ఒక్కడే బస్సు దిగాడు. ఆ తల్లి వాణ్ణి ఊరికి తీసుకుపోలేదు, మందను ముందే పులివెందుల పక్కకు తోలించింది. ల్యాబుకు వచ్చి కృతజ్ఞతలు చెప్పినట్టు సినిమాల్లో ఉంటుంది. ఆమె రాలేదు. నాకూ ఆ గొడవలో గుర్తు రాలేదు, ఎందుకంటే అప్పటికి ల్యాబు నిండా వేరే తల్లులున్నారు.

ఫోటో వల్ల ఒకడు బయటపడ్డాడని తెలిసి, ఆ కేసులో మిగతా వాళ్ళ తల్లులు, పెండ్లాలు వరసగా వచ్చారు. "మా వాడు గూడా యాడన్నా పడినాడేమో సూడమ్మా" అని. ఓనరు వద్దనలేక లోపలి గదిలోకి పోయాడు. ఆ పెండ్లి ఫోటోలన్నీ మొదటి నుంచి చివరి దాకా వాళ్ళకు చూపించాను. చాలామంది ఎక్కడా లేరు. ఒకామె, "మా వాడు ఆ పొద్దు చేన్లో నీళ్ళు కడతాండె" అంది. ఇంకొకామె కొడుకు జ్వరంతో పడుకుని ఉన్నాడట. నిజమే కావచ్చు, చాలావరకు నిజమే అయివుంటుంది. చేన్లో నీళ్ళు కట్టేవాణ్ణి, జ్వరంతో పడుకున్నవాణ్ణి ఎవరు ఫోటో తీస్తారు? ఆ పిల్లవాడు నిర్దోషి కాబట్టి బయటపడ్డాడని నేను అనుకుంటూ ఉన్నాను. కాదు. నిర్దోషి అయివుండి, భాయ్ ముందు ఉగ్గాని బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు కాబట్టి బయటపడ్డాడు.

చివరికి ఒకామె మిగిలింది. పెద్దామె, చూపు సరిగా ఆనదు. తెరకు దాదాపు ముక్కు ఆనించి చూస్తోంది. ఒక ఫోటో దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"నిలుపు నిలుపు. ఇదో మా వాడు. సూడు, ఎంత సక్కగా ఉండాడో. ఉండాడు గదా? పెండ్లిలోనే ఉండాడు గదా?"

ఉన్నాడు. నాయకుడి పక్కన, తడి జుట్టు వెనక్కి దువ్వుకుని, కొత్త తెల్ల చొక్కాతో. ఓనరు తీసిన ఫోటో.

"ఎంతయిందమ్మా టైము?"

నోటికొచ్చిన గంట చెప్పి పంపేయవచ్చు. రేపు వకీలు దగ్గరో, కోర్టులోనో ఎవరో చెబుతారు. ఆమెకేమైనా చదువొచ్చా, తెర మీద అంకెలు తెలుస్తాయా?

"పదకొండు దాటిందమ్మా" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసింది. ఆ రోజు ఏది ఎప్పుడు జరిగిందో ఆ ఊరి ఆడవాళ్ళకు నా కంటే బాగా తెలుసు. ఫోటో వైపు అట్లాగే చూస్తూ కూర్చుంది. నేను తెర ఆపేయబోయాను.

"ఉండనీ" అంది. "కాగితం మీద తీస్తే టైము కనపడతాదా?"

"కనపడదమ్మా. కాగితం మీద బొమ్మ ఒక్కటే వస్తుంది."

"అయితే ఒకటి తీసియ్యి. మల్ల వాణ్ణి ఇట్ల ఎప్పుడు సూస్తానో."

పక్కన ఉన్న నాయకుణ్ణి కత్తిరించి, ఆమె కొడుకు ఒక్కణ్ణే ఉంచి, పెద్ద సైజులో తీసి ఇచ్చాను. తడి ఆరేదాకా ఆమె దాన్ని రెండు అరచేతుల మీద పెట్టుకుని కూర్చుంది.